జోడువాగుల ఓటర్లు

చనిపోయిన తల్లి పేరు ఓటర్ల జాబితాలో బతికున్నవాళ్ళ మధ్య కనిపించిన రోజు నుంచి సంగీతకు ముద్ద దిగడం లేదు.

ఎర్రవాగు పట్టణంలో ప్రాథమిక పాఠశాల టీచరు ఆమె. రెండువేల ఎనిమిది వానాకాలంలో ఆమెకు ఎన్నికల డ్యూటీ పడింది. నియోజకవర్గాల హద్దులు కొత్తగా గీశారు, ఇక ఫోటోలతో కొత్త జాబితా తయారు కావాలి. ఇల్లిల్లూ తిరిగి, మనిషిని కళ్ళారా చూసి టిక్కు పెట్టాలి. ఆమె వంతుకు నూట ముప్పై ఏడో బూత్ వచ్చింది. ఊరి పేరు జోడువాగుల. అది ఆమె పుట్టిన తండానే. ఎనభై ఆరు వరదలో గోదావరి ఎగదన్నితే, రెండు వాగులూ ఒక్కటై ఆ ఊరిని మింగేశాయి. మిగిలినవాళ్ళు ఎర్రవాగు శివారుకు వచ్చి కొత్త తండా కట్టుకున్నారు. ఇరవై రెండేళ్ళుగా జోడువాగులలో దీపం వెలిగించే మనిషి లేడు. అయినా జాబితాలో మూడువందల ఎనభై ఆరుమంది ఓటర్లున్నారు. నలభై ఒకటో పేరు: చాంది, భర్త రూప్లా, వయసు యాభై ఎనిమిది.

వరద తర్వాత వచ్చిన జ్వరాల్లో చాంది చనిపోయింది. అప్పటికి ఆమెకు ముప్పై ఆరేళ్ళు, సంగీతకు పది.

తండ్రి రూప్లాను అడిగితే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ మర్నాడే పాత బజారు నుంచి హమీద్ కబురు చేశాడు, జాబితా పట్టుకుని ఒకసారి వచ్చి పొమ్మని.

హమీద్ దుకాణం బజారులో చివరిది. పుస్తకాలు బైండింగు చేసే దుకాణం. డెబ్బై దాటిన మనిషి, వేళ్ళకు ఎప్పుడూ మైదాపిండి జిగురు ఎండిపోయి ఉంటుంది. సంగీత వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండవుతోంది. బయట సన్నగా వాన. ఆయన భార్య రహీమున్నీసా చాయ్ తెచ్చి పెట్టి, ఎవరూ చెప్పకుండానే దుకాణం తలుపు ఒక రెక్క మూసి లోపలికి వెళ్ళిపోయింది. పట్టపగలు తలుపు మూయడం చూసి సంగీత జాబితాను ఒడిలోకి లాక్కుంది.

"భయపడకు బిడ్డా," అన్నాడు హమీద్. "ఎలక్షన్లొస్తే తాలూకా కచేరీ నుంచి లిస్టులన్నీ నా దగ్గరికే కుట్టడానికొచ్చేటివి. నలభై ఏండ్లు కుట్టిన. ఈ నియోజకవర్గాన్ని గీసిందెవరో నాకు తెల్వదు గాని, కుట్టింది మాత్రం నేనే."

అటక మీంచి ఒక పాత రిజిస్టరు దించాడు. దాని అట్ట లోపలివైపు, కాగితం చాలక ఎప్పుడో అతికించిన పటం ఒకటి ఉంది. పసుపుపచ్చగా మారిపోయింది. ఎర్రవాగు నియోజకవర్గం. ఒకచోట ముద్దగా పట్టణం, అందులోంచి ఈశాన్యం వైపు అడవిలోకి పొడుగ్గా, సన్నగా ఒక పేలిక.

"ఇగో, ఇది తల. గనుల క్వార్టర్లు, స్టేషన్ లైను, మా బజారు, హమాలీ బస్తీ. అంతా టౌనే. మరి ఇదేంది?"

"అడివి," అంది సంగీత.

"అవ్, అడివే. టౌను సీటుకు అడివి తోకెందుకు అని నువ్వెప్పుడన్న అనుకున్నవా? నా చిన్నప్పుడు ఇక్కడ ఇరవై గుడిసెలు, ఒక ఫారెస్టు బంగళా. అంతే. బొగ్గు పడ్డది. కరీంనగర్ నుంచి దిగిండ్రు, కోస్తా నుంచి దిగిండ్రు, ఉత్తరాది నుంచి రైలెక్కి వచ్చిండ్రు. మా అబ్బాజాన్ కొత్తగూడెం నుంచి ఎడ్లబండి మీద సామాన్లేసుకొని వచ్చిండు. అప్పుడు మనది వేరే నియోజకవర్గంల ఒక మూల. డెబ్బై ఎనిమిది ఎలక్షన్లకు మనకు సొంత సీటొచ్చింది. కాని క్వార్టర్లల్ల యూనియనోళ్ళు ఒక దిక్కు, బజారు ఇంకో దిక్కు. ఇద్దరూ సమ ఉజ్జీ. ఎటన్న మొగ్గాలంటే ఇంకో చారెడు ఓట్లు కావాలె. ఆ చారెడు మీ తండా."

"అడివి ఊర్లు వేరే సీటుల కదా చాచా ఉండాల్సింది?"

"చుట్టుపక్కల ఊర్లన్ని అటే పోయినయి. మీ ఒక్క తండా కోసం ఇక్కడి పెద్దలు అర్జీ పెట్టిండ్రు. వాళ్ళు టౌను సంతకే వస్తరు, టౌను దవాఖానాకే వస్తరు, టౌనుల్నే ఉంచాలె అని. అర్జీల అబద్ధం లేదు. అబద్ధం తర్వాత వచ్చింది."

ఆయన చాయ్ కప్పు ఎత్తి, తాగకుండానే కింద పెట్టాడు.

"ఎనభై మూడుల మన ఎమ్మెల్యే పెద్దాయన గెలిచింది రెండొందల పదకొండు ఓట్ల తేడాతోని. మీ బూతుల పడ్డయి మూడొందల నలభై. మీ వాళ్ళే ఏసిండ్రు, నిజంగనే ఏసిండ్రు. తర్వాత వరదొచ్చింది. ఎనభై తొమ్మిదిల లిస్టు నా దగ్గరికి కుట్టడానికొస్తే చూసిన. అవే పేర్లు. ఊరు లేదు, పేర్లున్నయి. ఆ ఎలక్షన్ల మూడొందల అరవై ఓట్లు పడ్డయి. ఎవరేసిండ్రు? తొంబై నాలుగుల మళ్ళ అవే పేర్లు. తొంబై తొమ్మిదిల అవే. చచ్చిపోయినోళ్ళకు వయసు పెరుగుడు నేను ఆ లిస్టులల్లనే చూసిన బిడ్డా."

సంగీత ఒడిలో ఉన్న జాబితా వైపు చూసుకుంది. చాంది, యాభై ఎనిమిది. తల్లికి తల నెరవడం, పళ్ళు ఊడటం, మనవల్ని ఎత్తుకోవడం తాను ఎన్నడూ చూడలేదు. ఆ కాగితాల మీద మాత్రం ఆమె ఏడాదికో ఏడు చొప్పున ముసలిదవుతూ వచ్చింది. ఐదేళ్ళకోసారి ఓటు కూడా వేసింది.

"ఇన్నేండ్లు ఎవరికీ ఎందుకు చెప్పలే చాచా?"

హమీద్ తల వంచుకున్నాడు. "నా దుకాణం ఇదే బజారుల ఉంది. మా కొడుకు మతీన్ కు చిన్న పిల్లలు. భయపడ్డ. అంతకంటే చెప్పడానికేం లేదు."

"మరి ఇప్పుడెందుకు?"

"ఇప్పుడు ఫోటోలు అడుగుతున్నరు. పేరుకు వయసు పెంచుడు అల్కటి పని, మొకం ఎక్కడికెళ్ళి తెస్తరు? అందుకే పిలిచిన. నెల రోజులసంది మీ కాక బలరాం జీపు అటు దిక్కే పోతున్నదంట. బియ్యం బస్తాలు పోతున్నయంట. మనుషులు లేని ఊరికి బియ్యమెందుకు? నువ్వు ఒక్కదానివి అటు పోకు బిడ్డా."

బలరాం పేరు వినగానే సంగీత లేచి నిలబడింది. రూప్లాకు సొంత తమ్ముడు బలరాం. వరదలో నడుంలోతు నీళ్ళలో ఆమెను భుజాల మీద కూర్చోబెట్టుకుని మూడు మైళ్ళు మోసినవాడు. ఆమెను చదివించినవాడు. ఎర్రవాగులో పెద్దాయన కుడిచేయి అని అందరూ అనే మనిషి. అటవీ చెక్ పోస్టులో పెట్టే నూట ముప్పై ఏడో బూత్ దగ్గర ప్రతిసారీ కుర్చీ వేసుకుని కూర్చునేది ఆయనే.

మర్నాడు ఆదివారం. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా సంగీత భద్రాచలం బస్సెక్కింది. గొడుగు, ప్లాస్టిక్ సంచీలో జాబితా, ఫారాల కట్ట, ఇంకు ప్యాడ్. అటవీ చెక్ పోస్టు దాటాక స్టేజీలో దిగింది. కండక్టరు ఆమెను ఎగాదిగా చూసి, "ఈడ ఎవ్వరుంటరు మేడం?" అన్నాడు. ఆమె జవాబు చెప్పేలోపే బస్సు కదిలిపోయింది.

అక్కడినుంచి రెండు మైళ్ళ నడక. మనుషులు తిరగని దారి గడ్డి మొలిచి మూసుకుపోయి ఉంటుందనుకుంది. గడ్డి లేదు. జీపు చక్రాల జాడలు రెండు, ఎర్రటి నీళ్ళు నిండి, తిన్నగా అడవిలోకి పోతున్నాయి. కొత్తగా నరికిన టేకు కొమ్మలు పక్కన పడి ఉన్నాయి. ఒకచోట చెప్పుల్లేని పాదాల గుర్తులు కనిపించాయి. అందులో పసిపిల్లలవీ ఉన్నాయి. పిట్ట అరుపు కూడా లేదు. వాన ఆకుల మీద పడుతున్న చప్పుడొక్కటే ఆమె వెంట నడిచింది.

వాగు మలుపు తిరిగాక మొదట బడి కనబడింది. వరదలో పైకప్పు పోయి మొండిగోడలు మిగిలిన బడి అది. ఇప్పుడు దానికి రేకులున్నాయి. గోడలకు తెల్లసున్నం. తలుపు పక్కన నీలిరంగుతో పెద్దగా 137 అని రాసి ఉంది, రంగు ఇంకా పచ్చిగానే ఉంది. వరండాలో గోడకు ఒక నీలం బట్ట మేకులతో బిగించి ఉంది. దానిముందు ఒక స్టూలు.

ఫోటోలు తీసే చోటు.

బడి వెనక నుంచి పొగ వస్తోంది. సంగీత అటు వెళ్ళి ఆగిపోయింది. తమ ఇళ్ళు ఉండిన చోటే, ఆ పాత పునాదుల మీదే, ఆకులు కప్పిన గుడిసెలు పన్నెండో పదమూడో ఉన్నాయి. ఆమెను చూడగానే పిల్లలు కోళ్ళలా లోపలికి దూరారు. మగవాళ్ళు చేతిలో పనులు ఆపి లేచారు. తమలో తాము ఏదో అనుకున్నారు, సంగీతకు అర్థం కాని అడవి మాట.

ఒక గుడిసెలోంచి ఒకామె వచ్చింది. ముప్పై ఉంటాయేమో. చంకలో పిల్ల. సంగీత చేతిలోని కాగితాలు చూడగానే నిటారుగా నిలబడి, బడిపిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"నా పేరు చాంది. మొగుని పేరు రూప్లా. వయసు యాభై ఎనిమిది. ఊరు జోడువాగుల."

సంగీత చేతిలోంచి గొడుగు జారి వాలిపోతే వాన నెత్తి మీద పడుతున్నా ఆమెకు తెలియలేదు. ఎదుటి మనిషి కళ్ళలో బెదురు కనిపించింది. తప్పు చెప్పానేమో అన్న బెదురు. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. "నా పేరు చాంది. మొగుని పేరు..."

"సాలు," అంది సంగీత. "సాలమ్మా." "నీకెవరు నేర్పిండ్రు గిట్ల?"

ఆమె చూపు సంగీత భుజం మీదుగా వెనక్కి పోయింది.

"నేనే నేర్పిన."

బలరాం బడి వరండాలో నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు. ఎప్పుడు వచ్చాడో, లేక మొదటినుంచీ లోపలే ఉన్నాడో. ఆయన మొహంలో కోపం లేదు. అదే సంగీతను ఎక్కువ భయపెట్టింది.

"తడుస్తున్నవ్. ఇట్ల రా."

ఆమె వరండా ఎక్కింది. "ఎవరు కాకా వీళ్ళు?"

"అవతలి రాష్ట్రం నుంచి వచ్చిండ్రు. ఊర్లు తగలబడ్డయి, ఒక దిక్కు తుపాకులు, ఇంకో దిక్కు తుపాకులు. పానం అరచేతిల పట్టుకొని అడివంబడి నడిచొచ్చిండ్రు. మిరప కోతలకు పిలుస్తరు, కోతలయినంక తరుముతరు. ఏడ గుడిసె ఏసినా పీకేస్తున్నరు. నేను చోటిచ్చిన. బియ్యమిచ్చిన. పేర్లిచ్చిన."

"మావోళ్ళ పేర్లు."

"అవి నీ ఒక్కదానివేనా? నావి కావా? మా వదినె పేరు అది." మొదటిసారి ఆయన గొంతు కొద్దిగా పెరిగింది. "ఇరవై రెండేండ్లు ఆ పేరును బతికించింది నేను. కొత్త తండాకు కరెంటెట్లొచ్చింది? బోరెట్లొచ్చింది? బడి ఎట్లొచ్చింది? పెద్దాయనకు మన మీద ప్రేమనుకున్నవా? టౌనుల అన్ని వార్డులు తిరిగి, చివరికి ఆయన లెక్క ఆగేది ఇక్కడ. మూడొందల ఎనభై ఆరు. అవి లేకపోతే మనం శివారుల ఉన్న నాలుగు గుడిసెలం. ఎవ్వడూ మొకం చూడడు."

ఆయన చెప్పినదాంట్లో కరెంటు నిజం. బోరు నిజం. ఆ కరెంటు బల్బు కింద కూర్చునే ఆమె చదువుకుంది.

"ఇప్పుడు అడివిల దున్నుకునే పోడు భూములకు పట్టాలొస్తున్నయి," బలరాం దగ్గరగా వచ్చి, చిన్నప్పుడు లెక్కలు చెప్పినంత ఓపికగా చెప్పాడు. "రెండువేల ఐదుకు ముందునుంచి ఇక్కడ ఉన్నట్టు చూపియ్యాలె. మనకున్న ఆధారమేంది? ఈ లిస్టే. నువ్వు ఊరే లేదని రాస్తే, జోడువాగుల భూమి మీద మన తండాకు హక్కు పోతది. మీ నాయనకు పోతది. వీళ్ళను ఇక్కణ్ణుంచి తోలేస్తరు. నీ ఒక్క సంతకంతోని ఇన్ని కొంపలు ముంచుతవా? ఈడున్నోళ్ళ ఫోటోలు తీపిచ్చిన, తక్కినోళ్ళు ఇంకా వస్తున్నరు. అతికిచ్చి సంతకం పెట్టు. అంతే."

"పెట్టకపోతే?"

బలరాం దారి వైపు ఒకసారి చూశాడు. "నువ్వు ఒక్కదానివి వచ్చినవని కండక్టరుకు తప్ప ఎవ్వరికీ తెల్వదు. అది నాకు భయమైతుంది బిడ్డా. నేను నీ కాకను. పెద్దాయన నీకు కాక కాదు."

బెదిరించాడో, బతిమాలాడో సంగీతకు తెలియలేదు. ఆయన కళ్ళు తడిగా ఉన్నట్టు మాత్రం కనిపించింది. ఆమె వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. వెనక నీలం బట్ట, ఎదురుగా వానలో నిలబడి తన పెదాల కదలికనే చూస్తున్న ముప్పై నలభైమంది. చంకలో పిల్లతో ఆమె అందరికంటే ముందుంది.

సంగీత చేయి చాచి ఆమెను వరండాలోకి పిలిచింది. "నీ పేరేంది?"

"చాంది..."

"అది మా అమ్మ పేరు. చచ్చిపోయింది. నీ పేరు చెప్పు."

ఆమె బలరాం వైపు చూసింది. తర్వాత పిల్ల వైపు చూసుకుంది. మిరప చేలలో నేర్చుకున్న నాలుగు తెలుగు ముక్కల్ని వెతుక్కుంటూ, చివరికి మెల్లగా అంది. "ఇడమె. మడివి ఇడమె. చచ్చినోళ్ళ పేరు... నాకు భయం. బిడ్డకు జరం వస్తది."

సంగీత కట్టలోంచి ఒక ఫారం లాగింది. పేరు తొలగించడానికి వాడే ఏడో నంబరు ఫారం. మోకాలి మీద పెట్టుకుని, పిల్లలకు నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా రాసింది. చాంది, భర్త రూప్లా. కారణం అన్న చోట కలం ఆగింది. తల్లి చనిపోయిన రోజు ఆమెను ఎవరో పొరుగింటికి పంపేశారు. తిరిగొచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఆ మాట ఆమె నోటితో అనలేదు, చేత్తో రాయలేదు.

మృతి, అని రాసింది.

ఆ ఫారాన్ని మడిచి కట్ట అడుగున పెట్టింది.

"సంగీతా!" అన్నాడు బలరాం.

ఆమె ఆరో నంబరు ఫారం తీసింది. కొత్తగా పేరు చేర్చే కాగితం. "ఊరు లేదని నేను రాస్త లేను కాకా. మనుషులున్నరు, నేను చూసిన. ఎవరున్నరో వాళ్ళ పేరే రాస్తున్న. వీళ్ళ ఓటు ఎవరికేస్తరో వీళ్ళిష్టం. ఇది పెద్దాయన లెక్కల రాదు, మన లెక్కల రాదు. నాయన పట్టా సంగతి అధికారుల ముందట నిలబడి, ఎనభై ఆరుదాంక ఇక్కడ బతికినమని నేనే చెప్త. అబద్ధం లేకుంట చెప్త."

"నువ్వు రాసిన మాట వింటరనుకున్నవా ఆ అధికారులు?"

"వినకపోతే మళ్ళ రాస్త."

మడివి ఇడమె, అని రాసింది. వయసు అడిగితే ఇడమె రెండు చేతుల వేళ్ళూ మూడుసార్లు చూపి, ఇంకొక వేలు ఎత్తింది. సంగీత ఆమె బొటనవేలు పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద అద్ది, కాగితం మీద నొక్కింది. వెనక నుంచి ఒక ముసలాయన ముందుకు వచ్చి, ఇడమె పక్కన నిలబడి తన పేరు గట్టిగా చెప్పాడు. ఆయన వెనక ఇంకొకడు. బలరాం తువ్వాలుతో మొహం తుడుచుకుని, స్తంభానికి ఆనుకుని అలాగే ఉండిపోయాడు. ఆపలేదు. ఆపడానికి చేయి రాలేదో ఏమో.

నాలుగో ఫారం సగంలో ఉండగా ముసలాయన తల ఎత్తి అడవి వైపు చెవి పెట్టాడు. ఒక్క మాటేదో అన్నాడు. అంతే. ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకున్నారు, మగవాళ్ళు పొయ్యిలోని కట్టెల మీద మట్టి చల్లారు. కళ్ళు మూసి తెరిచేంతలో గుడిసెల ముందు ఎవరూ లేరు. ఇలా పారిపోవడం వాళ్ళకు ఎంత అలవాటో సంగీత చూసింది. ఇడమె ఒక్కతే వరండాలో మిగిలింది. ఇంకు అంటిన వేలిని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక గాలిలోనే పట్టుకుని ఉంది.

అప్పుడు సంగీతకూ వినిపించింది. వాన చప్పుడు వెనక ఇంజన్ల మోత. ఒకటి కాదు, రెండో మూడో. చెక్ పోస్టు వైపు నుంచి కాదు, వాగు అవతలి నుంచి.

"నీ మనుషులేనా కాకా?"

బలరాం స్తంభం వదిలి రెండడుగులు ముందుకు వేశాడు. వరద నీళ్ళలో కూడా తొణకని ఆ మొహం తెల్లగా పాలిపోయింది. ఆయన వెనక్కి తిరగకుండానే, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"ఆ కాగితాలు కొంగుల దాచు. జల్దీ. వాగు అవతలి తొవ్వ మన జీపులకు తెల్వదు బిడ్డా, అది అవతలి రాష్ట్రం నుంచి వచ్చే తొవ్వ. నేను ఎవ్వర్నీ పిలువలే."